గానుగెద్దు అడుగుల లెక్క

మన కవిత్వంలో గానుగెద్దు తిరిగినంతగా ఏ పల్లెలోనూ తిరిగి ఉండదు. బతుకు మీద విసుగు పుట్టిన ప్రతి కవీ ఒకసారి దాన్ని కాడికి కట్టాడు. గుమాస్తా గానుగెద్దు, కూలీ గానుగెద్దు, ఇల్లాలు గానుగెద్దు, చివరికి బడిపంతులూ గానుగెద్దే. ఈ పోలికకు అర్థమేమిటని మా బడి పిల్లల్ని అడిగితే తడుముకోకుండా చెబుతారు: ఎంత నడిచినా ఉన్నచోటే ఉంటుంది, ఆ సంగతి దానికి తెలియదు. ఇందులో రెండు మాటలున్నాయి. ఉన్నచోటే ఉండడం ఒకటి, తెలియకపోవడం రెండోది. మొదటిది గానుగ నిర్మాణానికి సంబంధించినది, ఎవరైనా చూడవచ్చు. రెండోది ఎద్దు తలలో ఉన్నదాని గురించి. ఆ మాట మనకు ఎవరు చెప్పారు? ఎద్దునడిగి రాసిన కవి లేడు గదా. గానుగ సొంతదారు అనుకున్నదాన్నే మనం ఉపమానంగా రాసుకున్నాం.

ఈ వ్యాసం ఆ రెండో మాట చరిత్ర. కదులుతున్న జంతువు తానెక్కడున్నదో ఎలా తెలుసుకుంటుంది, కళ్ళు మూసినా ఆ లెక్క సాగుతుందా అన్న ప్రశ్న మీద నూట యాభై ఏళ్ళుగా వాదం నడుస్తున్నది. శాస్త్రజ్ఞుల వాదం మనకెందుకని సాహిత్య విద్యార్థులు అనుకోవద్దు. ఆ వాదంలో సగభాగం ఉపమానాల మీదే నడిచింది. జంతువును దేనితో పోల్చారన్న దాన్నిబట్టే దానిలో ఏమి వెతకాలో నిర్ణయించుకున్నారు.

గానుగ చూడని పాఠకులే ఇప్పుడు ఎక్కువ కనుక రెండు మాటలు. నేలలో పాతిన పెద్ద రోలు, అందులో ఏటవాలుగా నిలబెట్టిన రోకలి, దానికి కట్టిన దూలం, దూలం మీద బరువు కోసం రాళ్ళో, మనిషో, ముందు ఎద్దు. నువ్వులో పల్లీలో కుసుమలో పోసి తిప్పితే నూనె దిగుతుంది, చెక్క మిగులుతుంది. గాండ్లవాళ్ళకు, తెలికలవాళ్ళకు తరతరాల వృత్తి ఇది. మచ్చ బొల్లారం చుట్టూ వెలిసిన కాలనీల్లో నేడు గానుగ నూనె అన్న బోర్డులు కనిపిస్తాయి, ప్యాకెట్ నూనె కంటే ఎక్కువ ధర కూడా. లోపల తిరిగేది మోటారు.

ఎద్దు కళ్ళకు గంతలెందుకు కట్టేవారు? కళ్ళు తిరగకుండా అని కొందరు చెబుతారు. రోట్లో గింజల మీదికి చూపు పోకుండా అని కొందరు. యజమాని పక్కకు వెళ్ళిన సంగతి తెలియకుండా అని ఇంకొందరు. ఈ మూడో కారణం చెప్పేవాళ్ళు తమ మాటలోని సాక్ష్యాన్ని తామే గమనించరు. తెలియని జంతువుకు గంతలతో పనేమిటి? తర్కపండితుడి పిట్టకథ కూడా ఇక్కడ గుర్తుకొస్తుంది. ఎద్దు మెడలో గంట ఎందుకయ్యా అని పండితుడు అడుగుతాడు. నేను లోపల పనిలో ఉన్నా అది తిరుగుతున్నదీ ఆగిందీ తెలియడానికి స్వామీ అంటాడు గాండ్లాయన. అది నిలబడి తల ఊపితే? మా ఎద్దు తర్కం చదువుకోలేదు స్వామీ. కథలో ఓడేది పండితుడే. అయినా గంట కట్టిన చేయి ఒక విషయం ఒప్పుకున్నది: ఎద్దు ఆగగలదు, ఆగాలని అనుకోగలదు.

సామెతల్లో మాత్రం ఈ ఒప్పుకోలు లేదు. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి, గాడిదకేం తెలుసు గంధం వాసన అన్నాం. గొర్రెదాటు అన్నాం. పశువుకు తెలియదన్న మాట ఒకసారి స్థిరపడితే, పశువులా పనిచేయించుకునే మనిషికీ తెలియదనడం సులువు. అందుకే ఈ చరిత్ర మనకు పనికొస్తుందని నా ఉద్దేశం.

జంతువు గడియారం వంటి యంత్రమని 1637లో డెకార్ట్ అన్నాడు. గడియారం పన్నెండు కొడుతుంది గాని మధ్యాహ్నమైందని దానికి తెలియదు. ఆ పోలిక రెండు వందల ఏళ్ళకు పైగా యూరప్‌లో పాతుకుపోయింది. దాన్ని కదిలించిన చర్చల్లో ఒకటి 1873లో, నేచర్ అనే పత్రిక ఉత్తరాల పేజీల్లో జరిగింది. బుట్టలో పెట్టి దూరం తీసుకుపోయిన కుక్క, పిల్లి ఇంటికి ఎలా తిరిగొస్తాయన్నది ప్రశ్న. దారి పొడవునా వచ్చిన వాసనల వరుసను గుర్తుపెట్టుకుంటాయేమోనని వాలెస్ అన్నాడు. జోసెఫ్ జాన్ మర్ఫీ అనే ఆయన రైలుపెట్టె కప్పునుంచి వేలాడదీసిన గుండును ఊహించమన్నాడు. పెట్టె వేగం మారినా, మలుపు తిరిగినా గుండు ఊగుతుంది. ఏ క్షణాన ఎటు, ఎంత ఊగిందో అంతా రాసిపెట్టుకునే యంత్రముంటే, కిటికీలోంచి చూడకుండానే రైలు ఎక్కడికి చేరిందో లెక్కకట్టవచ్చునన్నాడు. రైల్వేల కాలం కనుక రైలు పోలిక.

అదే చర్చలో డార్విన్ కూడా ఒక ఉత్తరం రాశాడు. సైబీరియా మంచుదిబ్బల మధ్య అడుగడుగునా మలుపులు తిరుగుతూ కూడా అక్కడి స్థానికులు దిక్కు తప్పకుండా గమ్యానికి ఎలా చేరతారో రాంగెల్ అనే యాత్రికుడు వర్ణించాడు. డార్విన్ దాన్ని ఎత్తి చూపి, ఓడ సరంగులు ఇంత వేగం, ఇంత సేపు, ఇటు దిక్కు అని కట్టే లెక్కతో పోల్చాడు. ఆ పని ఎక్కువగా కంటిచూపుతోనే జరుగుతున్నా, కండరాల కదలిక తెలివిడి కూడా అందులో ఉండవచ్చునన్నాడు. కళ్ళకు గుడ్డ కట్టిన మనిషి కొంత దూరం దాదాపు తిన్నగా నడవగలడు, లంబంగా మళ్ళగలడు, వెనక్కి తిరిగి రాగలడు అన్నది ఆయన చూపిన ఆధారం. గంతల ప్రస్తావన అక్కడే వచ్చిందన్నమాట. తన గుర్రం సంగతి కూడా చెప్పాడు. కెంట్ నుంచి వైట్ ద్వీపానికి దాన్ని రైల్లో పంపించారు. అక్కడ మొదటిరోజు తూర్పు వైపు స్వారీకి వెళ్ళి మళ్ళుతుంటే, గుర్రం కొత్త సాలకు రావడానికి ఒప్పుకోక పదేపదే వెనక్కి తిరిగిందట. కెంట్ ఉన్నది తూర్పునే. ఒక్క గుర్రం మొండితనం రుజువు కాదు. కాని అడగవలసిన ప్రశ్న మారింది. యంత్రమా, ఆత్మా అన్నది పోయి, ఏ ఇంద్రియం ఏ లెక్క కడుతున్నదన్నది వచ్చింది.

ఈ ఉత్తరం చదివితే మా వైపు పెద్దవాళ్ళకు ఆశ్చర్యం ఉండదు. మేడ్చల్, శామీర్‌పేట వైపు పల్లెలనుంచి సికింద్రాబాద్ బజారుకు బండ్లు తోలినవాళ్ళు సరుకు దించేసి, రాత్రి బండి మీదే నిద్రపోయేవారు. తెల్లవారేసరికి బండి ఇంటి ముందు ఉండేది. పగ్గాలు వదిలినవాడు ఎద్దును నమ్మాడు. ఆ నమ్మకం ఏ పద్యంలోకీ రాకుండా పోవడం, గానుగెద్దు మాత్రం వందసార్లు రావడం విమర్శకులు ఆలోచించదగ్గ విషయం. బండెద్దుకు రోడ్డు కనిపిస్తున్నది కదా, అది ఆనవాళ్ళు పట్టుకుని వస్తున్నదని అనవచ్చు. నిజమే. అందుకే మనం తిరిగి గంతల దగ్గరికే రావాలి.

డార్విన్ తెరిచిన తలుపును ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో మూసే ప్రయత్నం జరిగింది. చికాగోలో వాట్సన్ ఎలుకల చూపు, వినికిడి, వాసన ఒక్కొక్కటే తీసేసి చిక్కుదారుల్లో వదిలాడు. అయినా అవి దారి నేర్చుకున్నాయి. ఆ ప్రయోగాల క్రూరత్వాన్ని అప్పట్లోనే పత్రికలు తిట్టిపోశాయి, తిట్టడం సబబే. తర్వాత 1907–08 ప్రాంతంలో వాట్సన్, కార్ కలిసి, బాగా అలవాటైన దారిని మధ్యలో పొట్టి చేశారు. ఎలుక పాత కొలత ప్రకారమే పరుగెత్తి గోడకు ఢీకొన్నది. దీన్నిబట్టి ఎలుకకు దారి తెలియదని, కండరాలకు పట్టుబడిన కదలికల వరుస మాత్రమే ఉంటుందని ప్రవర్తనావాదులు తేల్చారు. ఒక అడుగు తర్వాతి అడుగును లాక్కొస్తుంది, అంతే. మన కవుల గానుగెద్దు ఇదే, ప్రయోగశాలలో పుట్టిందన్న తేడా తప్ప. ఆ ఢీకొనడంలోనే ఇంకో అర్థం ఉందని చాలాకాలం ఎవరికీ తోచలేదు. ఎలుక అడుగులు లెక్కపెట్టుకుంటున్నది. దాని లెక్క సరైనదే. గోడను జరిపింది మనుషులు.

తలుపు మళ్ళీ తెరిచినవాడు బర్క్‌లీలోని ఎడ్వర్డ్ టోల్మన్. 1946లో ఆయన, సహచరులు ఎలుకలకు మేత దగ్గరికి చుట్టుదారి నేర్పారు. తర్వాత ఆ దారి మూసేసి, సూర్యకిరణాల్లా విచ్చుకున్న 18 కొత్త దారులు ముందుంచారు. వాట్సన్ చెప్పినట్టయితే మూసిన దారి పక్కదాన్ని పట్టుకోవాలి. కాని అన్నింటికంటే ఎక్కువ ఎలుకలు, మూడో వంతుకు పైగా, మేత ఉన్న దిక్కుకు సూటిగా పోయే దారిని ఎంచుకున్నాయి. మేత వైపు దీపం ఒకటి వేలాడుతుండేదని, ఎలుకలు దాన్ని చూసి పోయి ఉండవచ్చని తర్వాతివారు ఎత్తిచూపిన లోపం సరైనదే. అయినా 1948లో టోల్మన్ రాసిన వ్యాసం నిలిచింది. ఎలుకలో, మనిషిలో ఉండేది కదలికల గొలుసు కాదు, పటం అన్నాడు. గడియారం, టెలిఫోన్ ఎక్స్చేంజీ పోయి పటం అన్న ఉపమానం వచ్చింది.

ఆ వ్యాసంలో మన విద్యార్థులు తప్పక గమనించవలసిన భాగం చివరిది. పటం విశాలంగా ఉండవచ్చు, లేదా ఒక్క దారి పట్టీలా ఇరుకుగా ఉండవచ్చునని చెప్పి, ఇరుకు కావడానికి టోల్మన్ నాలుగు కారణాలు చూపాడు. మెదడు దెబ్బతినడం, పరిసరాల్లో ఆనవాళ్ళు చాలకపోవడం, ఒకే దారిలో మితిమీరి తిప్పడం, ఆకలి వంటి అవసరమో ఆశాభంగమో భరించలేనంత తీవ్రంగా ఉండడం. గానుగెద్దు ముందు నిలబడి ఈ జాబితా చదవండి. ఆనవాళ్ళు లేకుండా చేసింది గంత. ఒకే దారిలో తిప్పింది దూలం. ఆకలి సంగతి చెప్పక్కరలేదు. నాలుగింటిలో మూడు ఎద్దుకు బయటనుంచి వచ్చినవి, యజమాని చేతిలో ఉన్నవి. ఇరుకు పటం పుట్టుకతో వచ్చే గుణం కాదు, ఒక ఏర్పాటు ఫలితం. టోల్మన్ అక్కడితో ఆగకుండా, జాతిద్వేషానికీ యుద్ధోన్మాదానికీ ఇదే ఇరుకు కారణమని మనుషులకు అన్వయించాడు. ఆ అన్వయం కొంత తొందరపాటని నాకనిపిస్తుంది. చరిత్రలో ద్వేషాలకు ఆస్తి అనే కారణం కూడా ఉంటుంది. కాని ఆయన మాటకు నిలబడ్డవాడు. 1949లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అధ్యాపకులు కమ్యూనిస్టులం కామని విధేయతా ప్రమాణం చేయాలన్నప్పుడు టోల్మన్ సంతకం పెట్టలేదు. 1950లో ఉద్యోగాలు పోయిన అధ్యాపకుల తరఫున ఆయన పేరుతోనే కేసు నడిచింది. 1952లో రాష్ట్ర సుప్రీంకోర్టు వాళ్ళకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. తన బుర్రకు గంత కట్టడానికి వచ్చినవాళ్ళను గుర్తుపట్టడంలో ఎలుకల చదువు ఆయనకు పనికొచ్చిందేమో.

ఈలోగా చీమల దగ్గర వేరే పని సాగుతున్నది. ట్యునీషియాలోని కైరువాన్ పట్టణంలో సాంట్షీ అనే స్విస్ వైద్యుడు, రోగులను చూసుకుంటూనే చీమలను చదివాడు. 1911లో ఆయన చీమకు సూర్యుణ్ణి ఒక వైపు అట్టతో కప్పి, రెండో వైపునుంచి అద్దంతో చూపించాడు. చీమ వెంటనే వెనక్కి మళ్ళింది. చిన్న పత్రికల్లో అచ్చయిన ఆ పనిని పెద్దవాళ్ళు చాలాకాలం పట్టించుకోలేదు. మారుమూల బళ్ళలో ఉండి రాసుకునే నాబోటివాళ్ళకు ఆయన మీద కాస్త అభిమానం ఎక్కువ. సూర్యుడివల్ల దిక్కు తెలుస్తుంది, సరే, దూరం ఎలా? అదే ఎడారి చీమల మీద దశాబ్దాలు పనిచేసిన వేనర్, ఆయన సహచరులు 2006లో జవాబు చెప్పారు. పది మీటర్ల దూరం మేతకు వెళ్ళిన చీమల కాళ్ళకు పందివెంట్రుకల పొయ్యిలు కట్టి ఇంటికి పంపారు. అవి సుమారు పదిహేను మీటర్లు పోయి అక్కడ పుట్టను వెతికాయి. కాళ్ళు పొట్టి చేసిన చీమలు ఆరు మీటర్ల దగ్గరే ఆగి వెతికాయి. అడుగుల లెక్క అంటే అలంకారం కాదు, నిజంగా అడుగులే.

చీమకు సూర్యుడున్నాడు. మరి చీకట్లో? 1980లో జర్మనీలో మిట్టెల్‌ష్టెట్ దంపతులు చేసిన ప్రయోగం నాకు అన్నిటికంటే ఇష్టం. జెర్బిల్ అనే ఎడారి ఎలుక తల్లి. గుండ్రటి అరుగు అంచున దాని గూడు. పిల్లను గూట్లోంచి తీసి అరుగు మీద ఎక్కడో పెడతారు. కటిక చీకటి. తల్లి వంకరటింకరగా వెతుకుతూ పోయి, పిల్లను నోట కరుచుకుని, తిన్నగా గూటికి వస్తుంది. వాసన వల్ల కాదని ఎలా తెలుసు? తల్లి పిల్ల దగ్గర ఉన్నప్పుడు దాని కింది పళ్ళేన్ని మెల్లగా, ఆ తిప్పుడు దానికి తెలియనంత మెల్లగా తిప్పారు. అప్పుడు తల్లి సరిగ్గా అంత కోణం తప్పి వేరే వైపుకు పోయింది. జోరుగా తిప్పితే తప్పలేదు, ఆ తిప్పుడును లెక్కలో కలుపుకుని గూటికే వచ్చింది. తిప్పుడు తెలియజేసేది లోపలి చెవి. అందులోని అర్ధవర్తుల కుల్యల్లో ఉన్న ద్రవం, తల మళ్ళినప్పుడు వెనకబడి, ఎటు ఎంత మళ్ళిందో నరాలకు చెబుతుంది. మర్ఫీ ఊహించిన రైలుపెట్టె గుండు చెవిలోనే దొరికింది.

ఎద్దుకూ ఆ కుల్యలున్నాయి. గంత కళ్ళను మూస్తుంది గాని చెవి లోపలికి పోదు. అయితే ఈ ద్రవానికి ఒక బలహీనత ఉన్నది. ఒకే వేగంతో ఆగకుండా తిరుగుతుంటే కొద్దిసేపట్లో ద్రవం కూడా కుల్యతోపాటు సాగి, కబురు ఆగిపోతుంది. ఒప్పులకుప్ప ఆడే పిల్లలు ఆగగానే లోకం ఎదురు తిరగడం అందువల్లే. గానుగలో ఎద్దు తిరిగేది సరిగ్గా అలాంటి తిరుగుడు, ఒకే వేగం, ఒకే వైపు. ఇక మిగిలేవి కాళ్ళు. లోపలి వైపు కాలు చిన్న అడుగు వేస్తుంది, బయటి వైపు కాలు పెద్ద అడుగు వేస్తుంది, మెడ మీద కాడి ఒక పక్కే ఒరుసుకుంటుంది. దారి వంకరగా ఉందన్న సమాచారం ప్రతి అడుగులోనూ శరీరానికి అందుతూనే ఉంటుంది.

ఆ సమాచారం చేరే చోటు మెదడులో ఉన్నదా? 1971లో లండన్‌లో ఓకీఫ్, డోస్ట్రోవ్‌స్కీ తిరుగాడుతున్న ఎలుక హిప్పోకాంపస్‌లో, అది ఫలానా చోటుకు వచ్చినప్పుడే మోగే కణాలను చూశారు. ఒక మూలకు ఒక కణం, ఇంకో మూలకు ఇంకో కణం. వీటిని స్థాన కణాలన్నారు. 1984లో రాంక్ తల ఏ దిక్కుకు ఉంటే ఆ దిక్కుకు మోగే కణాలను చూపాడు. 2005లో నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో మోసర్ దంపతుల బృందం పక్కనే ఉన్న ఎంటోరైనల్ కార్టెక్స్‌లో మరీ వింతైనదాన్ని పట్టుకున్నది. ఒకే కణం గదిలో అనేక చోట్ల మోగుతుంది. ఆ చోట్లన్నీ కలిపి గీస్తే సమబాహు త్రిభుజాల అల్లిక, తేనెపట్టు గళ్ళలాంటిది, నేలంతా పరుచుకుంటుంది. దీపం ఆర్పినా ఆ అల్లిక నిలుస్తుంది. కళ్ళకు కనిపించే గుర్తుల్లో అలాంటి త్రిభుజాలేవీ లేవు, అది మెదడు నేల మీద పరిచిన కొలబద్ద. 2014లో ఓకీఫ్‌కూ, మోసర్ దంపతులకూ నోబెల్ వచ్చింది. పసితనంలోనే చూపు పోయిన ఎలుకల్లోనూ స్థాన కణాలున్నాయని 1998లోనే ఫ్రాన్స్‌లో చూపారు. అవి ముందు ఒక వస్తువును మీసాలతో తడిమి, తానెక్కడున్నదో రూఢి చేసుకుని, తర్వాత మోగడం మొదలుపెడతాయి.

ఆ తడమడం ముఖ్యం. అడుగుల లెక్కలో ప్రతి అడుగుకూ కొంచెం పొరపాటు చేరుతుంది, పొరపాట్లు పేరుకుంటాయి. 2009లో జర్మనీ అడవిలో, ట్యునీషియా ఎడారిలో మనుషులను తిన్నగా నడవమని వదిలారు. సూర్యుడో చంద్రుడో కనిపించినంతసేపు తిన్నగానే పోయారు. మబ్బు కమ్మితే గుండ్రంగా తిరిగి తమ దారినే దాటారు. కళ్ళకు గంతలు కట్టినవారిలో కొందరు ఇరవై మీటర్ల వ్యాసం గల చుట్టులు తిరిగారు. తిన్నగానే పోతున్నామని వాళ్ళ నమ్మకం. గానుగ లేకపోయినా గంత చాలునన్నమాట. లోపలి లెక్కను సరిదిద్దడానికి బయటి ఆనవాలు కావాలి, ఆనవాలు కనిపించని మధ్యదూరం దాటడానికి లోపలి లెక్క కావాలి. అంతర్ముఖ కవిత్వమా, బాహ్యవాస్తవమా అని దశాబ్దాలుగా పోట్లాడుకుంటున్న మనవాళ్ళకు ఎలుక దగ్గర ఒక కబురు ఉన్నది. దాన్ని ఇక్కడ విస్తరించను.

ఇంతవరకు చూసినది గానుగెద్దు పక్షాన ఉన్న సాక్ష్యం. ఎదురుసాక్ష్యం కూడా చెప్పాలి. 2008లో బుజాకీ ప్రయోగశాలలో పాస్తల్కోవా, ఆమె సహచరులు ఎలుకను చక్రంలో పరుగెత్తించారు. చక్రంలో ఎంత పరుగెత్తినా ఉన్నచోటే ఉంటుంది, గానుగకు ఇంతకంటే దగ్గరి చుట్టం లేదు. చక్రం దిగగానే ఎడమకో కుడికో పోవాలి, కిందటిసారి ఎటు పోయిందో గుర్తుంటేనే నీరు దొరుకుతుంది. పది ఇరవై సెకన్ల ఆ పరుగులో, ఎలుక ఒక్క అంగుళం జరగకపోయినా, హిప్పోకాంపస్ కణాలు ఒకదాని తర్వాత ఒకటి వరుసగా మోగాయి. ఆ వరుసను చూసి, ఎలుక దిగాక ఎటు పోతుందో ముందే చెప్పవచ్చు. అంటే ఉన్నచోటే తిరుగుతున్న మెదడు ఖాళీగా లేదు, రాబోయే మలుపును మోస్తున్నది. కాని దిగాక గుర్తుపెట్టుకోవలసిన పనేమీ లేని ఎలుకలను అదే చక్రంలో పరుగెత్తిస్తే ఆ వరుస కనిపించలేదు. చక్రం అదే, కాళ్ళు అవే. పోయింది పని, తన కోసం తాను పోవలసిన చోటు.

ఇక్కడ నేను మన పాత ఉపమానంతో సగం రాజీపడతాను. గానుగెద్దులో ఏదో పోయిందని కవికి తోచడం నిజమే. కాని పోయినది తెలివి అనడం తప్పు, పోగొట్టినది గంత అనడమూ సగమే నిజం. గింజలు తనవి కావు, నూనె తనది కాదు, చుట్టు ముగిశాక తాను ఎంచుకునే మలుపు లేదు. పరాయీకరణ అని మన వ్యాసాల్లో ఎంతో బరువుగా రాసే మాటకు చక్రంలోని ఎలుక మెదడు ఒక చిన్న, కొలవదగిన పోలిక ఇస్తున్నది. పోలిక మాత్రమే సుమా. ఎలుకనుంచి కార్మికుడికి నేరుగా దూకేవాళ్ళు టోల్మన్ చేసిన తొందరపాటే చేస్తారు.

మనుషుల మీద జరిగిన పని విడిగా ఉన్నది, దాన్ని చూడవచ్చు. లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్సు కోసం దాదాపు 25 వేల వీధులు కంఠస్థం చేయాలి. వాళ్ళ హిప్పోకాంపస్ వెనుక భాగం ఇతరులకంటే పెద్దదని 2000లో మగ్వైర్ బృందం చూపింది. 2006లో అదే బృందం వాళ్ళను బస్సు డ్రైవర్లతో పోల్చింది. అదే నగరం, అదే రద్దీ, అన్నేళ్ళే అనుభవం. బస్సు డ్రైవర్లలో ఆ పెరుగుదల లేదు. తేడా ఒక్కటే, బస్సుకు కట్టిన దారి. ఇది బస్సు డ్రైవరు తెలివి మీద తీర్పు కాదు. రూటును గీసేది అతను కాదు. 2017లో లండన్‌లోనే స్పయర్స్ బృందం ఇంకొకటి చూపింది. సోహో వీధుల్లో తామే దారి ఎంచుకుంటున్నప్పుడు, ప్రతి కొత్త వీధి మొగలో మనుషుల హిప్పోకాంపస్ చురుకుగా స్పందించింది. ఎటు తిరగాలో యంత్రం చెబుతుంటే ఆ స్పందన లేదు. మా మచ్చ బొల్లారంనుంచి అల్వాల్, కొంపల్లి, లోతుకుంట వైపు సంచులు తగిలించుకుని బండ్ల మీద పోయే పిల్లల్లో నా పాత విద్యార్థులున్నారు. చెవిలో ఎప్పుడూ ఒక గొంతు: కుడికి తిరగండి, రెండు వందల మీటర్లు పోండి. గంత కట్టవలసిన చోటు కన్నే అని ఎవరన్నారు? వాళ్ళ మీద కథ రాస్తానని ఒక యువ రచయిత మొన్న అన్నాడు. మొదటి వాక్యంలోనే గానుగెద్దు ఉన్నది.

దారి పోవడం మొదట జరిగే జబ్బు ఒకటుంది. అల్జైమర్స్ దెబ్బ ముందుగా తగిలేది ఎంటోరైనల్ కార్టెక్స్‌కే. పేర్లు మరవకముందే ఇంటి సందు మరిచిపోయే ముసలివాళ్ళను మనం చూస్తూనే ఉన్నాం. జ్ఞాపకమూ, చోటూ మెదడులో ఇరుగుపొరుగు కావడం కేవలం శరీరశాస్త్ర విషయం కాదు. ఊరు వదిలినవాళ్ళ సాహిత్యం చదివేవాళ్ళకు ఇది పనికొచ్చే సంగతి.

చివరగా మనవాళ్ళ పని. మద్రాసు ఐఐటీలో ఆచార్యుడైన వి. శ్రీనివాస చక్రవర్తిని చాలామంది తెలుగు పాఠకులు సైన్సు పుస్తకాల రచయితగా, అనువాదకుడిగా ఎరుగుదురు. ఆయన వృత్తి మెదడును గణితంలో నమూనా కట్టడం. మోసర్ల గళ్ళు ఎవరు గీశారన్నది ఆయన బృందం ఎత్తుకున్న ప్రశ్నల్లో ఒకటి. తల దిక్కు, నడక వేగం, ఇంతే నమూనాలోకి పంపుతారు. ఆ పైన ఒకదానితో ఒకటి పోటీపడే కణాల పొరలు. గళ్ళు గీయమని వాటికి ఎవరూ చెప్పరు. నడుస్తూ నడుస్తూ ఉంటే తేనెపట్టు అల్లిక దానంతటదే ఏర్పడుతుంది, పై పొరలో స్థాన కణాలు పుడతాయి. 2018లో కార్తీక్ సోమన్, చక్రవర్తి, బర్క్‌లీలోని యార్ట్‌సెవ్ కలిసి దీన్ని గబ్బిలం ఎగిరే మూడు కొలతల ఆకాశానికి విస్తరించి ప్రచురించారు. పటం ముందు, నడక తర్వాత అని మనం అనుకుంటాం. ఈ నమూనాలో నడకనుంచే పటం.

ఇటువంటి విషయాలు తెలుగులో రాయబోతే మాటలు చాలవన్న ఫిర్యాదు వింటుంటాను. ల్యాండ్‌మార్క్‌కు ఆనవాలు ఉండనే ఉంది. శాస్త్రజ్ఞులు పాత్ ఇంటిగ్రేషన్ అనేదాన్ని గణిత పుస్తకాల ప్రకారం పథ సమాకలనం అనాలి. నేను ఈ వ్యాసమంతటా అడుగుల లెక్క అన్నాను. రాత్రి బండి మీద పడుకుని ఎద్దును నమ్మినవాళ్ళ దగ్గర ఇంతకంటే మంచి మాట తప్పక ఉండి ఉంటుంది. ఆ తరం వాళ్ళు మా ఊళ్ళో ఇంకా నలుగురైదుగురు ఉన్నారు, అడగాలి.